నీళ్లు పోసే ముందు మట్టి చూడండి

మనీప్లాంట్ పాడైపోయిందని చెప్పేవాళ్లలో చాలామంది వెంటనే ఇంకో మాట కూడా అంటారు: "రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నానండీ!" ఆ మొక్క ఎందుకు పోయిందో ఆ మాటే చెబుతోంది. నీళ్లందక ఎండిపోయే మనీప్లాంట్లు తక్కువ, వేళ్లు కుళ్లి పోయేవే ఎక్కువ. వారం రోజులు ఎవరూ కన్నెత్తి చూడకపోయినా తట్టుకుని నిలబడే తీగ ఇది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోస్తూ పోతే మాత్రం నెలా రెండు నెలల్లో చేతులెత్తేస్తుంది.

పోసినవాళ్లది నిర్లక్ష్యం కాదు, ఆపేక్షే. కాకపోతే మనకు ఆపేక్ష అంటే ఏదో ఒకటి చెయ్యడం. పిల్లాడు ముభావంగా ఉంటే ఏమైందో కనుక్కునేలోపే కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తాం. ఊరి నుంచి వచ్చిన అమ్మ ఊరికే కూర్చుంటే, ఆమెకేం కావాలో అడక్కుండానే టీవీ పెట్టేస్తాం. కాసేపు ఆగి చూడటం, కనిపెట్టి ఉండటం మనకు పనిలా అనిపించవు. ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఆ పనే. దానికి మనీప్లాంట్ మంచి తోడు. పెద్ద ఖరీదు లేదు. ఒకసారి పొరపాటు జరిగినంత మాత్రాన చచ్చిపోదు. తనకేం కావాలో ఆకుల మీదా, మట్టిలోనూ, వేళ్లలోనూ చెబుతూనే ఉంటుంది. అది చెప్పేది వినడం వస్తే చాలు, మిగతా పనులన్నీ తేలికే.

ఎక్కడి తీగ, ఏం కోరుతుంది

దీని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితీ పక్కనున్న మూరియా అనే చిన్న దీవి. 1880లో వృక్షశాస్త్రవేత్తలు దీనికి పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత పేరు మారుతూ వచ్చి, 1964లో ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అయింది. ఈ పేర్లు గుర్తుంచుకోకపోయినా ఫర్వాలేదు. పుట్టిన చోటు మాత్రం మనసులో ఉంచుకోండి, ఎందుకంటే దాని పెంపకమంతా అక్కడే ఉంది. వెచ్చటి అడవి. గాలిలో ఎప్పుడూ తేమ. పైన పెద్ద చెట్ల కొమ్మలు కప్పేయడంతో కిందికి వడపోసినట్టు దిగే వెలుతురు. కాళ్ల కింద రాలిన ఆకులు చివికిన గుల్లటి నేల. వాన ఎంత కురిసినా నీళ్లు నిలవవు, వేళ్లకు గాలి ఆడుతూనే ఉంటుంది. అలాంటి నేల మీద పాకుతూ, చెట్టు దొరగ్గానే కణుపుల దగ్గర వేళ్లు పుట్టించుకుని బెరడుకు అతుక్కుని పైకెక్కుతుంది.

పైకి ఎక్కడమన్నది దీని స్వభావం. మన ఊళ్లలో కొబ్బరి మొదలుకో మామిడి మానుకో పాకించిన మనీప్లాంట్‌ను చూడండి. ఇంట్లో అరచేతికి మించని ఆకు అక్కడ చేటంత అవుతుంది, అంచుల్లో చీలికలు కూడా వస్తాయి. అడవిలో బాగా ముదిరిన తీగకు ఆకు మీటరు పొడవు దాకా పెరుగుతుంది. చాలామంది అది వేరే మొక్క అనుకుంటారు. కాదు, అదీ ఇదీ ఒకటే. ఎక్కే తీగకు ఆకులు పెద్దవవుతూ పోతాయి, వేలాడే తీగకు చిన్నవవుతూ పోతాయి, కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం కూడా పెరుగుతుంది. కడియం నర్సరీల్లో కొబ్బరిపీచు చుట్టిన కర్రకు పాకించి అమ్మే మొక్కలకు అంతంత ఆకులు ఉండటానికి కారణం ఇదే. దాన్ని ఇంటికి తెచ్చి కర్ర పీకేసి వేలాడదీస్తే, కొత్తగా వచ్చే ఆకులు చిన్నవే వస్తాయి. కర్ర ఉంచుకుంటే పీచును తడిగా ఉంచాలి, పొడి పీచును వేళ్లు పట్టుకోవు.

తీగ కిందికి వేలాడితే ఇంటికి మంచిది కాదని కొందరి నమ్మకం. ఆ మాట వల్ల బాధపడి, అందంగా జాలువారిన తీగను తాళ్లతో పైకి కట్టేసేవాళ్లను చూశాను. మొక్కకు తెలిసిన లెక్క వేరు. పెద్ద ఆకులు కావాలంటే ఎక్కించండి. అల్మరా మీంచి తెరలా జారాలంటే వేలాడనివ్వండి, నాలుగైదు అడుగులకోసారి కత్తిరిస్తూ ఉండండి. రెండూ సరైనవే. ఆగ్నేయ మూలే పెట్టాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: ఆ మూల వెలుతురు ఉంటే హాయిగా పెట్టండి, చీకటైతే మాత్రం వద్దు.

ఇంకో సంగతి తెలిస్తే ఈ మొక్క మీద గౌరవం పెరుగుతుంది. మనీప్లాంట్ దాదాపుగా పూత పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారుచేసుకునే శక్తి దీనికి లోపించిందని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. పూతే లేకపోతే విత్తనమెక్కడిది? అంటే మన ఇళ్లల్లో ఉన్న ప్రతి మనీప్లాంటూ ఇంకో మొక్క నుంచి కోసిన ముక్కే. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ, సముద్రాలు దాటి మన కిటికీ దాకా వచ్చింది. దొంగిలించి తెచ్చిన మనీప్లాంటే కలిసొస్తుందని చెప్పుకుంటారు గానీ, నేను ఒప్పుకోను. అడిగితే కాదనేవాళ్లు లేని మొక్క ఇది. తలుపు కొట్టి, "పిన్నిగారూ, ఒక కొమ్మ ఇస్తారా?" అని అడగండి. కొమ్మతో పాటు అది ఏ కిటికీలో పెరిగిందో, ఎన్నాళ్లకోసారి నీళ్లు తాగుతుందో కూడా తెలుస్తుంది.

ఎంత వెలుతురు

మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో, మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున చెయ్యి చాపండి. అంచులు మెత్తగా, మసకగా ఉన్న నీడ పడితే ఆ చోటు బాగుంది. వేళ్లు విడివిడిగా తెలిసేంత కరుకైన నీడ పడితే అక్కడ ఎండ ఎక్కువ, ఆకులు మాడతాయి. నీడే పడకపోతే మొక్క బతుకుతుంది కానీ ఎదగదు, ఆకుల మీది పసుపు చారలు కూడా తగ్గిపోయి ఉత్త పచ్చగా మారుతుంది. ఆ చారల్లో పత్రహరితం తక్కువ. వెలుతురు కరువైన చోట ప్రతి అంగుళమూ ఆకుపచ్చగా ఉంటేనే దానికి పొట్ట గడుస్తుంది. మార్బుల్ క్వీన్ లాంటి తెలుపు ఎక్కువున్న రకాలు నిదానంగా పెరగడానికి కారణం కూడా ఇదే, వాటికి మామూలు రకం కన్నా వెలుతురు కాస్త ఎక్కువ కావాలి.

తూర్పు కిటికీ మన ఇళ్లకు చాలా మంచి చోటు. పొద్దుటి లేత ఎండ గంటా రెండు గంటలు తగిలినా నష్టం లేదు. పడమటి బాల్కనీ సంగతి వేరు. చలికాలమంతా హాయిగా ఉన్న మొక్క, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండకు ఒక్క మధ్యాహ్నంలో గోధుమరంగు మచ్చలు పడి ఊరుకుంటుంది. మే నెల రాకముందే దాన్ని రెండడుగులు లోపలికి జరపండి. కూలర్ గాలి, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు.

నీళ్లు

ఇక్కడే ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే చాలా మొక్కలు పోయేదీ ఇక్కడే.

చూపుడువేలు మట్టిలో రెండు కణుపుల దాకా దించండి. జ్వరమేమోనని అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుందే, ఆ శ్రద్ధతో. పైన పొడిగా కనిపించే మట్టి లోపల చల్లగా, తడిగా, వేలికి అంటుకునేలా ఉంటే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. రెండు కణుపుల లోతున కూడా పొడిపొడిగా రాలితే అప్పుడు పోయండి. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా నిదానంగా, మట్టి మొత్తం తడిసేలా పోసి, పావుగంట తర్వాత కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. మట్టిలో వేలు పెట్టడానికి అందని ఎత్తులో వేలాడే కుండీకి ఇంకో పద్ధతి ఉంది: నీళ్లు పోసిన రోజు ఒకసారి ఎత్తి బరువు చూసుకోండి, బాగా తేలికైన రోజు మళ్లీ పోయండి. పది పదిహేను రోజుల్లో చేతికి ఆ బరువు అలవాటైపోతుంది.

ఎన్ని రోజులకోసారి అని అడగకండి, ఎవరైనా చెబితే నమ్మకండి. అనంతపురంలో ఏప్రిల్‌లో మూడు నాలుగు రోజులకే ఎండిపోయే కుండీ, విశాఖలో శ్రావణమాసపు ముసుర్లలో పది రోజులైనా తడిగానే ఉంటుంది. ఒకే ఇంట్లో కూడా కిటికీ దగ్గరిది ఒకలా, హాలు మూలది ఒకలా ఆరుతుంది. ప్లాస్టిక్ కుండీ తేమను పట్టి ఉంచుతుంది, మట్టి కుండీ గోడల్లోంచి వదిలేస్తుంది.

వేళ్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది, వేళ్లు దానితోనే ఊపిరి తీసుకుంటాయి. ఆ సందులన్నీ రోజుల తరబడి నీళ్లతో నిండిపోతే వేళ్లకు ఊపిరాడదు. నీరసించిన వేళ్ల మీద కుళ్లు తెగులు దాడి చేస్తుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి పైన ఆకులు వడలిపోతాయి. మట్టి నిండా నీళ్లుండగానే మొక్క దాహంతో వాలిపోతుంది! అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. ఈ ఒక్క పొరపాటు ఎన్ని మొక్కలను తీసుకుపోయిందో చెప్పలేం. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఆకులు వాలినప్పుడు చెయ్యి ముందు మట్టిలోకి వెళ్లాలి, తర్వాతే చెంబు మీదికి.

మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలాయంటే కుండీని పక్కకు వంచి మొక్కను మట్టితో సహా బయటికి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత మీగడ రంగులోనో ఉండి, గోటితో నొక్కితే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు గోధుమరంగులో జిగటగా ఉంటుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు ఊడి చేతికొస్తుంది, లోపల దారంలాంటి నార ఒక్కటే మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. అలాంటి వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేసి, కొత్త పొడి మట్టిలో నాటి, కొద్దిగా తడిపి, వెలుతురున్న నీడలో పెట్టండి. సగానికి పైగా వేళ్లు పోతే పాత మొదలును కాపాడాలని తాపత్రయపడకుండా, పైనున్న మంచి తీగను ముక్కలు చేసుకుని కొత్తగా మొదలుపెట్టడం మేలు.

ఉమ్మడిగా ఉండే ఇళ్లలో ఇంకో చిక్కుంది. పొద్దున్నే మామగారు పూలు కోసుకొస్తూ ఒక చెంబు పోస్తారు. వంటింటి పని అయ్యాక కోడలు బియ్యం కడిగిన నీళ్లు పోస్తుంది. సాయంత్రం పనమ్మాయి బకెట్లో మిగిలినవి పోస్తుంది. ముగ్గురిదీ మంచి మనసే, మొక్క మాత్రం ఒక్కటే. పెద్దవాళ్లను వద్దనడం మనకు బాగుండదు, అనాల్సిన అవసరమూ లేదు. "మామయ్యగారూ, దీని మట్టి రోజూ మీరొకసారి చూసి చెప్పండి, ఎండిన రోజు నేను పోస్తాను" అని అడగండి. చూసే పని ఒకరిది, పోసే పని ఇంకొకరిది అయితే తొందరపాటు దానంతటదే తగ్గుతుంది. ఆయనకూ రోజూ పొద్దున ఒక బాధ్యత ఉంటుంది, మీకూ కబురు అందుతుంది. ఇంట్లో చాలా విషయాల్లో ఈ పద్ధతి పనికొస్తుందని నా నమ్మకం.

ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు కుండీల్లో పోయకండి. వడపోతలో మిగిలిన ఉప్పులన్నీ వాటిలోనే చేరతాయి, రోజూ పోస్తే మట్టిలో పేరుకుంటాయి. గట్టి బోరు నీళ్లదీ అదే తీరు. కుండీ అంచున తెల్లటి పొర, ఆకు కొనల్లో గోధుమరంగు ఎండు కనిపిస్తే ఉప్పు ఎక్కువైందని అర్థం. వానాకాలంలో ఒక రోజు కుండీని వానలో పెట్టి బాగా కారనిస్తే ఆ ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

రెండు వారాల సాధన

రెండు వారాలపాటు పొద్దున కాఫీ తాగే వేళకు మొక్క దగ్గరికి వెళ్లండి. చేతిలో చెంబు ఉండకూడదు. ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి నాలుగు ముక్కలు రాయండి: మట్టి తడా పొడా, ఆకులు నిటారుగా ఉన్నాయా వాలాయా, కొత్త ఆకు ఏమైనా వస్తోందా, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. అంతకు మించి వద్దు.

మొదటి మూడు నాలుగు రోజులు రాయడానికేమీ కనిపించదు. తర్వాత కళ్లు పదునెక్కుతాయి. కొత్త ఆకు ఎలా పుడుతుందో చూస్తారు. పాత ఆకు తొడిమ పక్కనే ఉన్న పలచటి తొడుగులోంచి సన్నగా, గొట్టంలా చుట్టుకున్న లేతాకు బయటికి వస్తుంది. చుట్ట విప్పుకోవడానికి కొన్ని రోజులు తీసుకుంటుంది. మొదట మెరుస్తూ లేత చిలకపచ్చగా ఉండి, విప్పుకున్నాక ముదురు రంగుకి తిరుగుతుంది. ఆ తొడుగు ఎండి గోధుమరంగు కాగితంలా మిగిలిపోతుంది. అది జబ్బు కాదు.

కొన్ని రోజులు పొద్దున్నే ఆకు కొనన సరిగ్గా ఒక నీటిబొట్టు వేలాడుతూ కనిపిస్తుంది. అది మంచు కాదు, ఎవరో చల్లిన నీళ్లూ కాదు. మట్టిలో తడి బాగా ఉండి, రాత్రి గాలిలో తేమ ఎక్కువైతే, వేళ్లు పైకి తోసిన నీళ్లు ఆవిరై పోలేక ఆకు కొనలోంచి చుక్కగా బయటికి వస్తాయి. అలా బొట్టు కట్టిన రోజు మట్టి తడిపాల్సిన పని లేదన్నమాట. వేలు పెట్టకుండానే మొక్క మీకు కబురు పంపింది!

ఆకు పసుపెక్కితే

కింద ఉన్న ఒక ముసలి ఆకు ఎప్పుడైనా పండిపోవడం సహజం, తుంచేసి మర్చిపోండి. ఒకేసారి నాలుగైదు ఆకులు మెత్తబడి పసుపెక్కితే, మట్టి తడిగా ఉంటే, వేళ్లు చూడాల్సిన వేళ వచ్చింది. ఆకులు పసుపెక్కి గలగలలాడుతూ ఎండితే, కుండీ తేలికగా ఉంటే, అది దాహం. ఒక్కోసారి కోకోపీట్ ఎక్కువున్న మట్టి పూర్తిగా ఎండిపోతే నీళ్లను పీల్చుకోదు. పైన పోసినవి కుండీ గోడల పక్కనుంచి జారి కిందికి కారిపోతాయి, మధ్యలో మట్టి పొడిగానే ఉంటుంది. అప్పుడు కుండీని నీళ్లున్న టబ్బులో అరగంట నిలబెట్టండి, అడుగు నుంచి పీల్చుకుంటుంది. పసుపెక్కిన ఆకు తిరిగి పచ్చబడదు. మీ వైద్యం ఫలించిందో లేదో తెలియాలంటే పాత ఆకును కాదు, తర్వాత వచ్చే ఆకును చూడాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. ఈలోగా చోటు మార్చి, మందు మార్చి, మట్టి మార్చి దాన్ని ఊపిరి తీసుకోనివ్వకుండా చేయొద్దు.

మట్టి విషయానికొస్తే, ఎర్రమట్టి ఒక్కటే నింపితే ఎండినప్పుడు బిగుసుకుపోతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కడిగి ఉప్పు పోగొట్టిన కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు దొడ్డు ఇసుక కలిపితే సరిపోతుంది. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. అందమైన పింగాణీ పాత్రకు రంధ్రం లేకపోతే, రంధ్రమున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి దాన్ని ఆ పాత్రలో కూర్చోబెట్టండి. ఎరువు సంగతి ఎక్కువ ఆలోచించకండి. మొక్క ఎదిగే వేసవి, వానాకాలాల్లో నెలకోసారి లీటరు నీళ్లకు ఒక గ్రాము 19:19:19 కలిపి తడి మట్టిలో పోస్తే చాలు. పాలు, పంచదార కలిసిన టీ పిప్పి అలాగే వేస్తే చీమలూ బూజూ పడతాయి.

తెల్లటి దూదిపింజల్లా కణుపుల్లో ఏదైనా కనిపిస్తే అది పిండినల్లి. తడి గుడ్డతో తుడిచేసి, లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకుల కింద కూడా తడిసేలా చల్లండి, వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు. పదిహేను రోజులకోసారి ఆకుల మీది దుమ్ము తడి గుడ్డతో తుడవండి. మెరుపు కోసం కొబ్బరినూనె, పాలు రాయడం మానేయండి, నూనె మీద దుమ్ము ఇంకా పట్టేస్తుంది.

సీసాలో పెంచేవాళ్లకు

ఉత్త నీళ్లలో కూడా మనీప్లాంట్ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆకుకు దిగువన తీగ మీద గోధుమరంగు చిన్న బొడిపె కనిపిస్తుంది చూడండి, అది కణుపు దగ్గర పుట్టబోయే వేరు. కత్తిరించిన ముక్కలో కనీసం ఒక కణుపైనా ఉండి, అది నీళ్లలో మునగాలి. కణుపు లేకుండా ఆకూ తొడిమా మాత్రమే పెడితే ఎన్నాళ్లున్నా కొత్త తీగ రాదు. రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. మట్టిలోకి మార్చాలనుకుంటే వేళ్లు రెండు మూడంగుళాలు కాగానే మార్చేయండి. నీళ్లకు పూర్తిగా అలవాటుపడిన వేళ్లు మట్టిలో ఇబ్బంది పడతాయి.

ఒక విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ శుభ్రమైన నిలవ నీళ్లనే వెతుక్కుంటుంది, నీటిమట్టానికి కాస్త పైన పాత్ర గోడలకు గుడ్లు అంటిస్తుంది. మన వాతావరణంలో గుడ్డు దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి నీళ్లు మార్చడమే కాదు, సీసా లోపలి గోడలు బ్రష్‌తో రుద్ది కడగాలి. ఉత్త నీళ్లు పారబోస్తే గుడ్లు గోడకే ఉండిపోతాయి, ఎండినా చాలాకాలం బతుకుతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ శుక్రవారాన్ని డ్రైడే అంటూ ప్రచారం చేస్తారు కదా, సీసాలు కడగడానికి ఆ రోజే పెట్టుకోండి. కుండీ కింది పళ్లేనికీ ఇదే వర్తిస్తుంది. సీసా చుట్టూ ముదురు రంగు కాగితం చుడితే లోపల పాచి పట్టడం తగ్గుతుంది.

కత్తెర అంటే భయం వద్దు

మొదలు దగ్గర ఆకులన్నీ రాలి, బోడి తీగ చివర నాలుగు ఆకులతో మిగిలిన మనీప్లాంట్లు ఎన్నో ఇళ్లలో కనిపిస్తాయి. దాన్ని కత్తిరించడానికి మనసొప్పదు. నిజానికి అప్పుడే కత్తిరించాలి. తీగ కొన ఉన్నంతకాలం ఎదుగుదలంతా కొనవైపే పోతుంది. కొన తీసేస్తే కింది కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. కణుపుకు కాస్త పైన కోయండి. కోసిన ముక్కలు వేళ్లు దింపాక అదే కుండీలో మొదటి తీగ చుట్టూ నాటండి. అలా ఐదారు ముక్కలు చేరితేనే కుండీ నిండుగా కనిపిస్తుంది, ఒక్క తీగతో ఎప్పటికీ నిండదు.

మిగిలిన ముక్కలు పారేయాల్సి వస్తే చెరువు గట్టునో అడవి అంచునో వేయకండి. శ్రీలంకలో క్యాండీ దగ్గరి ఉడవట్ట కెలె అభయారణ్యంలో ఇదే తీగ నేలంతా కమ్మేసి స్థానిక మొక్కలను ఎదగనివ్వడం లేదు. విదేశాల్లో ఉండే పిల్లలకు సూట్‌కేసులో కొమ్మ పెట్టి పంపడం కూడా వద్దు, చాలా దేశాల్లో ధ్రువపత్రం లేని మొక్కలను విమానాశ్రయంలోనే ఆపేస్తారు. అక్కడి దుకాణాల్లో ఇదే మొక్క పోథోస్ పేరుతో దొరుకుతుంది. చలిదేశాల్లో రాత్రిళ్లు కిటికీ అద్దానికి ఆకులు తగలకుండా చూసుకోమనండి, 10 డిగ్రీల కన్నా తగ్గితే దీనికి కష్టం.

పిల్లలు, పెంపుడు జంతువులు, గాలి

కంద, చేమ కుటుంబమే ఇది. వాటిలో దురద పుట్టించే కాల్షియం ఆగ్జలేట్ సూదులు దీని ఆకుల్లో, కాడల్లో కూడా ఉన్నాయి. కందనైతే ఉడికించి తింటాం, దీన్ని తినకూడదు. పాకే బిడ్డగానీ పిల్లిగానీ కుక్కగానీ నమిలితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, పెదాలు వాచొచ్చు. నోరు నీళ్లతో శుభ్రం చేసి, వాపు పెరిగినా మింగడానికీ ఊపిరికీ ఇబ్బందైనా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చిన్నపిల్లలున్న ఇంట్లో తీగ చివర నేలకు నాలుగడుగుల పైనే ఉండాలి. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కళ్లు నలుపుకోవద్దు.

ఇంట్లో గాలిని శుభ్రం చేస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేయించిన అధ్యయనం ఆ మాటకు మూలం. అందులో మొక్కలను మూసిన చిన్న పెట్టెల్లో పెట్టి పరీక్షించారు. తలుపులూ కిటికీలూ తెరుచుకునే ఇల్లు అలాంటిది కాదు. అలాంటి ప్రయోగాలన్నింటినీ కలిపి లెక్కగట్టిన 2019 నాటి సమీక్ష ప్రకారం, కిటికీ గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ పది మొక్కలు ఉండాలి. గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కను మొక్క కోసమే పెంచండి, ఆ పచ్చదనం ఇంటికిచ్చే హాయి తక్కువదేం కాదు.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి పది రోజులు తాళం వేసి వెళ్తున్నారనుకోండి. బయల్దేరే ముందురోజు అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, పళ్లెం ఖాళీ చేసి, కుండీని కిటికీకి నాలుగైదు అడుగుల దూరం జరపండి. చలికాలంలో ఆ పది రోజులూ దిగులు లేదు. వేసవి సెలవులైతే కుండీలన్నీ స్నానాలగదిలో వెంటిలేటర్ వెలుతురు పడే చోట దగ్గరదగ్గరగా పెట్టండి, తేమ నిలుస్తుంది. పక్కింటివాళ్లకు తాళంచెవి ఇస్తే రోజూ పోయమనకుండా, మధ్యలో ఒక్కసారి మాత్రమే వచ్చి వేలు పెట్టి చూడమనండి. సీసా మొక్కలుంటే వెళ్లే ముందు వాటిని కడిగి, సీసా మూతి చుట్టూ సందు లేకుండా పలచటి గుడ్డ కట్టండి.

తిరిగొచ్చేసరికి తీగ వాలి, కుండీ తేలికైపోయి ఉంటే టబ్బులో నిలబెట్టండి. సాధారణంగా ఒక రోజులోపే ఆకులు లేస్తాయి. రెండు రోజులైనా లేవకపోతే తీగను గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉన్నంతవరకూ కణుపు కణుపుకీ ముక్కలు కోసి నీళ్లలో పెట్టండి.